ఎనిమిదో తరగతికి నెదర్లాండ్స్ పరిచయం చేయాలి, ఒక్క పీరియడే ఉంది

కృష్ణాతీరం_టీచర్
సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. బందరుకి దగ్గర్లో ఒక హైస్కూల్లో సోషల్ చెబుతాను. వచ్చే వారం శనివారం మా బడిలో ఒక్కో క్లాసు ఒక్కో దేశాన్ని పరిచయం చేయాలి. చీటీలు తీశాం. తొమ్మిదికి జపాన్, పదికి బ్రెజిల్, నా ఎనిమిదో తరగతికి నెదర్లాండ్స్ వచ్చింది. చీటీ విప్పగానే "అదెక్కడ మేడం?" అన్నారు పిల్లలు. జపాన్ వాళ్ళు అప్పుడే కరాటే డ్రెస్సులు వెతుక్కుంటున్నారు.

ఉన్నది 45 నిమిషాల పీరియడు, కరెంటు ఉంటే ప్రొజెక్టరు, 38 మంది పిల్లలు. నేను తయారు చేసుకున్న స్లైడ్లు చూస్తే నాకే నిద్రొస్తోంది. రాజధాని ఆమ్‌స్టర్‌డామ్, కరెన్సీ యూరో, గాలిమరలు, తులిప్ పూలు, చీజ్, అయిపోయింది. ఆ దేశంలో ఉన్నవాళ్ళు, చూసొచ్చినవాళ్ళు, చదువుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త దారి చూపండి.

అడ్డప్రశ్న
సోమవారం, రాత్రి 9:30

మేడం, ఇదంతా గూగుల్ కొడితే వచ్చేదే కదా. వికీపీడియా తెరిచి చదివేస్తే సరి. పిల్లలకి ఎటూ గుర్తుండదు. తిట్టకండి, నేనూ అలాంటి పిల్లాణ్ణే.

పోల్డర్_పిల్లోడు
సోమవారం, రాత్రి 11:48

మేడం, మాది తణుకు. ఏడేళ్ళుగా ఉట్రెక్ట్‌లో ఉద్యోగం చేస్తున్నా.

ముందు పేరు తేల్చేద్దాం. మనవాళ్ళు హాలండ్ అంటారు. ఈ దేశంలో 12 ప్రావిన్సులు ఉన్నాయి. ఉత్తర హాలండ్, దక్షిణ హాలండ్ అందులో రెండు మాత్రమే. ఆమ్‌స్టర్‌డామ్, రోటర్‌డామ్, హేగ్ మూడూ ఆ రెండింట్లోనే ఉండటంతో బయటివాళ్ళకి దేశం మొత్తం హాలండ్ అయిపోయింది. కర్నూలువాణ్ణి పట్టుకుని "మీ గోదావరి వాళ్ళు భలే మాట్లాడతారండీ" అంటే ఎలా ఉంటుందో, తూర్పు ప్రావిన్సుల వాళ్ళ ముందు హాలండ్ అంటే అలా ఉంటుంది. నెదర్లాండ్స్ అంటే పల్లపు నేలలు. మీ క్లాసు ఆ మాట దగ్గరే మొదలవ్వాలి.

దేశం సైజు ఆంధ్రప్రదేశ్‌లో నాలుగో వంతు. జనం సుమారు 1.8 కోట్లు. నేలలో దాదాపు నాలుగో వంతు సముద్ర మట్టం కంటే కిందే ఉంది. ఐరోపాలో ఉన్న భాగంలో అన్నిటికంటే ఎత్తయిన చోటు 322 మీటర్లు, మన తిరుమల కొండలో సగం కూడా లేదు. స్కిపోల్ ఎయిర్‌పోర్టులో విమానం దిగితే మీరు సముద్రం కంటే సుమారు మూడు మీటర్లు కింద నిలబడి ఉంటారు. అది ఒకప్పుడు హార్లెమర్‌మేర్ అనే పెద్ద సరస్సు. 1849 నుంచి 1852 దాకా మూడు చోట్ల ఆవిరి పంపులు పెట్టి మొత్తం తోడేశారు.

అందుకని గాలిమరని అందమైన బొమ్మలా చూపించొద్దు. అది మోటారు. నీళ్ళు తోడే మోటారు. ఈ ఒక్క ముక్క ఎక్కితే మిగతా దేశం దానంతట అదే అర్థమవుతుంది.

రిటైర్డ్_లస్కరు
మంగళవారం, ఉదయం 5:55

అమ్మా, నేను ముప్పై రెండేళ్ళు కాలవల మీద, లాకుల దగ్గర పనిచేసి రిటైరయ్యాను. తణుకు బాబు చెప్పింది మీ పిల్లలకి ఒక్క నిమిషంలో ఎక్కుతుంది. రొయ్యల చెరువు చూడని పిల్లాడు మీ క్లాసులో ఉండడు. మనం చుట్టూ గట్టు పోసి నీళ్ళు లోపల నిలబెడతాం. వాళ్ళు చుట్టూ గట్టు పోసి, లోపలి నీళ్ళు బయటికి తోడేసి, అందులో ఇల్లు కట్టుకున్నారు. పోల్డర్ అంటే తిరగేసిన రొయ్యల చెరువు.

కానీ బాబూ, నాకో అనుమానం. మొదట్లోనే నేల అంత కిందుంటే అక్కడికెందుకు పోయారు?

పోల్డర్_పిల్లోడు
మంగళవారం, మధ్యాహ్నం 1:20

బాబాయ్‌గారూ, భలే పట్టుకున్నారు. మొదట్లో అంత కింద లేదండీ. చాలా భాగం కుళ్ళిన నాచు, గడ్డి పేరుకుపోయిన బురద నేల. వ్యవసాయానికని కాలవలు తవ్వి నీళ్ళు తీసేశారు. స్పాంజి పిండితే ఎలా అవుతుందో అలా నేల కుంగింది. కుంగితే మళ్ళీ నీరు చేరింది, మళ్ళీ తోడారు, మళ్ళీ కుంగింది. దానికి తోడు ఆ ఎండిన బురదనే పిడకల్లా కోసి వంటచెరుకుగా తగలేశారు. అలా వాళ్ళ పొయ్యిల్లోకి వాళ్ళ నేలే కొంత పోయింది. చివరికి తోడటం ఆపితే మునిగిపోయే పరిస్థితి వచ్చింది.

ఒక్క గాలిమర నీటిని మీటరు, మీటరున్నర కంటే ఎక్కువ ఎత్తలేదు. లోతు ఎక్కువైతే మరల్ని వరసగా పెట్టేవాళ్ళు. మొదటిది ఎత్తి రెండోదానికి, రెండోది మూడోదానికి అందించడం. ఆమ్‌స్టర్‌డామ్‌కి ఉత్తరాన బేమ్‌స్టర్ అనే సరస్సుని 1612 నాటికి నలభైకి పైగా మరలతో ఇలాగే ఎండగట్టారు. ఇప్పుడది యునెస్కో వారసత్వ స్థలం. ఫోటోల్లో ఎప్పుడూ కనిపించే వరస మాత్రం కిండర్‌డైక్‌ది, రోటర్‌డామ్ దగ్గర. అక్కడ 19 మరలున్నాయి, కొన్నింట్లో ఇప్పటికీ కుటుంబాలు కాపురం ఉంటున్నాయి.

రిటైర్డ్_లస్కరు
మంగళవారం, మధ్యాహ్నం 2:05

ఓహో, మన గూడ వేసినట్టే. పల్లంలో నీరు మిట్టకెక్కాలంటే గూడ మీద గూడ వేసేవాళ్ళం చిన్నప్పుడు. అమ్మా, మీ బడికి మెట్లున్నాయా? ఉంటే మెట్టుకొక పిల్లవాణ్ణి నిలబెట్టి, కింద బకెట్టు, పైన బకెట్టు పెట్టి చెంబులతో అందించమనండి. ప్రొజెక్టరు అక్కర్లేదు, కరెంటు గొడవా లేదు.

వలందపాలెం
మంగళవారం, రాత్రి 8:40

టీచర్ గారూ, బందరు దగ్గర్లో ఉండి నెదర్లాండ్స్ ఎక్కడుందని అడుగుతున్నారంటే నాకు నవ్వొచ్చింది. నా పేరు చూడండి. బందరులో వలందపాలెం ఉంది. వలందులు అంటే హాలండు వాళ్ళు, పాతకాలపు తెలుగులో డచ్‌వాళ్ళని అలాగే పిలిచేవారు. ఇంగ్లీషుపాలెం ఇంగ్లీషువాళ్ళది, పరాసుపేట ఫ్రెంచివాళ్ళది. మీ పిల్లలు ఆటో ఎక్కి దిగే స్టాపుల పేర్లే ఐరోపా చరిత్ర.

డచ్ ఈస్టిండియా కంపెనీ 1602లో పుట్టింది. నాలుగైదేళ్ళు తిరక్కముందే బందరులో వాళ్ళ వ్యాపారం మొదలైంది. వాళ్ళకి అసలు కావలసింది ఇండోనేషియా దీవుల్లోని లవంగం, జాజికాయ. ఆ దీవులవాళ్ళకేమో మన అద్దకం బట్టలంటే మోజు. అందుకని ఇక్కడ బట్ట కొని, అక్కడ బట్ట ఇచ్చి మసాలాలు కొని, వాటిని ఆమ్‌స్టర్‌డామ్‌లో అమ్ముకునేవాళ్ళు. మన తీరంలో పండే చిరివేరు నుంచి తీసే ఎరుపు ఉతికినా పోదని పేరు.

కొంత బట్ట సరాసరి నెదర్లాండ్స్‌కే వెళ్ళింది. ఫ్రీస్‌లాండ్ ప్రావిన్సులో హిండెలోపెన్ అని ఒక చిన్న రేవు ఊరు. అక్కడి ఆడవాళ్ళ సంప్రదాయ దుస్తుల్లో పొడుగాటి కోటు ఒకటుంది, అది కోరమండల్ తీరపు, అంటే మన తూర్పు తీరపు, పూల అద్దకం బట్టతో కుట్టింది. సంతోషంగా ఉన్నప్పుడు ఎరుపు పూలు, ఇంట్లో ఎవరైనా పోతే నీలం పూలు. ఆ అద్దకం బట్టని డచ్‌లో "సిట్స్" అంటారు, మన దేశంలోని "ఛీంట్" అనే మాటే అది. పక్కనున్న పెడనలో ఇప్పటికీ కలంకారీ అద్దుతున్నారు. మీ క్లాసులో పెడన పిల్లలుంటే ఇంట్లోంచి ఒక ముక్క తెమ్మనండి.

ఖమ్మం_సోషల్
మంగళవారం, రాత్రి 9:15

మా ఖమ్మం జిల్లా నాగులవంచలో కూడా డచ్‌వాళ్ళ వర్తక స్థావరం ఉండేదండీ, గోల్కొండ నవాబుల కాలంలో. సముద్రం వాసన లేని ఊళ్ళోకి ఎలా వచ్చార్రా అని మా పిల్లలు ఆశ్చర్యపోతారు. పాలకొల్లు, నరసాపురం, భీమిలి కూడా చెప్పండి. భీమిలిలో డచ్‌వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి.

అడ్డప్రశ్న
మంగళవారం, రాత్రి 9:50

సరే, ఇది గూగుల్లో మొదటి పేజీలో రాలేదు, ఒప్పుకుంటున్నా. కానీ బట్టలు కొన్నారు, మసాలాలు అమ్మారు అని తియ్యగా చెప్పేసి వదిలేస్తారా? వాళ్ళేమన్నా పుణ్యాత్ములా?

వలందపాలెం
మంగళవారం, రాత్రి 10:22

కాదు. జాజికాయ ఒక్క తమ చేతిలోనే ఉండాలని 1621లో ఇండోనేషియాలోని బందా దీవుల్లో జనాన్ని ఊచకోత కోశారు. మన తీరం నుంచి బట్టలే కాదు, మనుషులూ వెళ్ళారు. 1600లలో కరువులు వచ్చినప్పుడల్లా తిండిలేక అమ్ముడుపోయిన వాళ్ళని బానిసలుగా కొని ఓడల్లో బటావియాకి, అంటే ఇప్పటి జకార్తాకి, పంపారు. దక్షిణ అమెరికా వైపు సూరినామ్‌లో వాళ్ళకి బానిసలతో సాగే చెరకు తోటలుండేవి. అక్కడ బానిసత్వం రద్దయింది 1863 జులై 1న. సరిగ్గా 160 ఏళ్ళకి, 2023 జులై 1న, డచ్ రాజు ఆమ్‌స్టర్‌డామ్‌లో బహిరంగంగా క్షమాపణ చెప్పాడు.

చిట్టి_వాళ్ళమ్మ
బుధవారం, ఉదయం 10:30

నేను టీచర్ని కాదండీ, ఎనిమిదో తరగతి పిల్ల తల్లిని. పదమూడేళ్ళ పిల్లలకి ఒక దేశం గురించి మొదటిసారి చెప్పేటప్పుడు ఊచకోతలు, బానిసలు అవసరమా? ముందు పూలు చూపించండి, ఇష్టం పుట్టనివ్వండి. తర్వాత పెద్ద క్లాసుల్లో తెలుసుకుంటారు. మా అమ్మాయి రాత్రిళ్ళు భయపడే రకం, అందుకే అడుగుతున్నా.

ఖమ్మం_సోషల్
బుధవారం, ఉదయం 11:10

అమ్మా, మీ మాటలో న్యాయముంది. కానీ పూలు చూపించినా తప్పించుకోలేం. తులిప్ అసలు వాళ్ళ పువ్వే కాదు, టర్కీ వైపు నుంచి వచ్చింది. 1590లలో లైడెన్ యూనివర్సిటీ తోటలో నాటారు. నలభై ఏళ్ళకి ఒక్కో దుంప మీద ఇల్లు కొనేంత బేరాలు నడిచాయి, 1637 ఫిబ్రవరిలో ధర ఢామ్మని పడింది. అక్కడిదాకా నవ్వుకుంటూ చెప్పొచ్చు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944-45 చలికాలంలో, జర్మన్ సైన్యం పడమటి ఊళ్ళకి తిండి రానివ్వకపోతే జనం ఆ తులిప్ దుంపలే ఉడకబెట్టుకు తిన్నారు. సుమారు 20,000 మంది ఆకలితో పోయారు. పువ్వు కథ చెబితే ఇదీ వస్తుంది కదా.

కృష్ణాతీరం_టీచర్
బుధవారం, సాయంత్రం 6:45

రెండు రోజుల్లో ఇన్ని వస్తాయనుకోలేదు. చిట్టి వాళ్ళమ్మగారూ, మీరన్న భయం నాకూ ఉంది. బానిసల సంగతి ఒక్క నిమిషం చెబుతాను, దాచను, బొమ్మలు మాత్రం చూపించను. నన్ను తినేస్తున్న ప్రశ్న ఇంకోటి. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీల నుంచి దాక్కుని డైరీ రాసిన యూదు అమ్మాయి ఆన్ ఫ్రాంక్ సంగతేమిటి? ఆమ్‌స్టర్‌డామ్ అన్నాక ఆ అమ్మాయి పేరు ఎత్తకుండా ఎలా? ఎత్తితే చివరికి ఏమైందో చెప్పకుండా ఎలా?

పోల్డర్_పిల్లోడు
బుధవారం, రాత్రి 11:30

మేడం, ఆ ఇంటికి నేను రెండుసార్లు వెళ్ళాను. టికెట్ ఆన్‌లైన్‌లోనే దొరుకుతుంది, వారాల ముందే అయిపోతుంది. ప్రిన్సెన్‌ఖ్రాఖ్ట్ అనే కాలవ ఒడ్డున 263 నంబరు ఇల్లు. ముందు భాగం వాళ్ళ నాన్న ఆఫీసు. వెనక భాగానికి వెళ్ళే తలుపుకి పుస్తకాల అలమారా అడ్డం. దాన్ని జరిపితే ఇంచుమించు నిచ్చెనలా ఉండే మెట్లు. 1942 జులై నుంచి 1944 ఆగస్టు 4 దాకా ఎనిమిది మంది అక్కడ దాక్కున్నారు. పగలు కింద గోడౌన్‌లో పనివాళ్ళుంటారు కాబట్టి అడుగుల చప్పుడు కూడా వినపడకూడదు. ఎనిమిది మందిలో బతికి తిరిగొచ్చింది నాన్న ఒక్కడే.

నన్ను అక్కడ ఆపేసింది అలమారా కాదు. ఒక గదిలో గోడ కాగితం మీద పెన్సిల్ గీతలున్నాయి, ఇప్పుడు వాటికి రక్షణగా పైన కప్పు బిగించారు. ఆన్, వాళ్ళక్క మార్గట్ ఎంత పొడుగు పెరిగారో అమ్మానాన్నలు గోడకి గీసిన గీతలు. బయటికి అడుగు పెట్టకుండా ఆన్ అక్కడే 13 సెంటీమీటర్లకి పైగా పెరిగింది. మా ఇంట్లో కూడా తలుపు చెక్క మీద నావి, చెల్లివి గీతలుండేవి.

డైరీ పుట్టినరోజు కానుకగా వచ్చేనాటికి ఆమెకి సరిగ్గా 13. మీ పిల్లల వయసే. చావు గురించి ఒక్క వాక్యం చాలు. గీతల గురించి చెప్పండి.

చిట్టి_వాళ్ళమ్మ
గురువారం, ఉదయం 7:15

ఇది చెప్పండి టీచర్ గారూ. మా ఇంట్లో బీరువా పక్క గోడ మీద ఉన్నాయి మా చిట్టివి. సున్నం వేయించేటప్పుడు ఆ ముక్క వదిలేయమన్నాను.

అడ్డప్రశ్న
గురువారం, ఉదయం 9:00

గట్టుకి చిల్లు పడితే రాత్రంతా వేలు పెట్టి ఊరిని కాపాడిన డచ్ పిల్లాడి కథ మర్చిపోయారేంటి అందరూ? చిన్నప్పుడు ఇంగ్లీషు రీడర్‌లో చదివా. పిల్లలకి అది హిట్టు.

రిటైర్డ్_లస్కరు
గురువారం, ఉదయం 9:40

బాబూ, ఆ కథ రాసినవాళ్ళు ఎప్పుడూ గట్టు మీద నిలబడి ఉండరు. వరద కాలంలో కరకట్టకి బొరియ పడితే అవతల బుడగలు లేస్తాయి, మట్టి కదిలి వస్తుంది. వేలు కాదు, మనిషిని నిలబెట్టినా ఆగదు. ఇసక బస్తాలతో దాని చుట్టూ రింగు కట్టి లోపల నీటిమట్టం పెంచితే అప్పుడు నెమ్మదిస్తుంది. ఆగస్టు నెలలో ఎన్ని రాత్రులు చేశామో.

పోల్డర్_పిల్లోడు
గురువారం, మధ్యాహ్నం 2:30

బాబాయ్‌గారు చెప్పింది నిజం. వేలు పెట్టిన పిల్లాడి కథకి పేరు తెచ్చింది 1865లో వచ్చిన ఒక అమెరికన్ రచయిత్రి పుస్తకం. ఇక్కడివాళ్ళకి ఆ కథ టూరిస్టుల వల్లే తెలుసు.

దానికంటే గొప్ప నిజం కథ ఉంది. 1953 జనవరి 31 రాత్రి పెద్ద తుఫాను, అదే సమయానికి పౌర్ణమి పోటు. నైరుతి మూల జీలాండ్, దక్షిణ హాలండ్‌లలో గట్లు వరసగా తెగాయి. 1,836 మంది చనిపోయారు. ఆ తెల్లవారుజామున రోటర్‌డామ్ దగ్గర నీవెర్‌కెర్క్ అనే ఊళ్ళో ఒక గట్టు తెగడం మొదలైంది. అది పోతే వెనక లక్షల మంది ఉండే పల్లపు ప్రాంతమంతా పోతుంది. ఆరీ ఎవెఖ్రూన్ అనే సరంగు, ఊరి మేయరు చెప్పిన మీదట, తన సరుకుల పడవని తీసుకెళ్ళి సరిగ్గా ఆ గండికి అడ్డంగా ఇరికించాడు. పడవ తలుపులా పట్టేసింది. వెనక ఇసక బస్తాలు వేశారు. గట్టు నిలబడింది. పడవ పేరు "ఇద్దరన్నదమ్ములు". ఇప్పుడక్కడ స్మారకం ఉంది.

వలందపాలెం
గురువారం, మధ్యాహ్నం 3:10

ఒళ్ళు జలదరించింది. టీచర్ గారూ, మన పిల్లలకి ఇది పరాయి కథ కాదు. 1864 నవంబరు 1న బందరులో ఉప్పెన వచ్చి సుమారు 30,000 మంది పోయారు. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెనలో తాతయ్యలని, అమ్మమ్మలని పోగొట్టుకున్న ఇళ్ళు మీ క్లాసులోనే ఉంటాయి. ఆ మాటకొస్తే ఉప్పెన అన్న మాట మనకుంది కాబట్టే ఆ దేశం మనకి తేలిగ్గా అర్థమవుతుంది.

కృష్ణాతీరం_టీచర్
గురువారం, రాత్రి 9:05

ఉన్నాయండీ. మా అత్తగారిది నాగాయలంక. ఆ రాత్రి గురించి ఆవిడ ఇప్పటికీ మాట్లాడదు, నవంబరు వస్తే మాత్రం రేడియో పెట్టుకు కూర్చుంటుంది.

అయితే 1953 తర్వాత వాళ్ళేం చేశారు? పిల్లలు కచ్చితంగా అడుగుతారు.

పోల్డర్_పిల్లోడు
గురువారం, రాత్రి 11:55

అంతకుముందే ఒకటి చేసి ఉన్నారు మేడం. 1916లో ఉత్తరాన వరద వచ్చాక, జౌడర్‌జీ అనే ఉప్పు సముద్రపు పాయకి అడ్డంగా 32 కిలోమీటర్ల కట్ట వేశారు, ఆఫ్స్‌లౌట్‌డైక్. 1932లో మూసేశారు. వెనక నీరు మెల్లగా మంచినీటి సరస్సు అయిపోయింది. అందులో కొంత భాగం ఎండగట్టి నేల చేశారు, ఆ నేలే 1986లో ఫ్లేవోలాండ్ అనే పన్నెండో ప్రావిన్సు అయింది. అందులోనే స్ఖోక్లాండ్ అనే పాత దీవి ఉంది. చుట్టూ ఇప్పుడు పొలాలు. దీవి అంచున నిలబడితే పడవలుండాల్సిన చోట ట్రాక్టర్లు తిరుగుతుంటాయి.

1953 తర్వాత డెల్టా పనులని మొదలుపెట్టారు. నైరుతిలో ఉన్న సముద్రపు పాయల్ని ఒక్కొక్కటిగా మూసుకుంటూ వచ్చారు. ఓస్టర్‌స్ఖెల్డె అనే పాయ దగ్గరికి వచ్చేసరికి జాలర్లు అడ్డం తిరిగారు. పూర్తిగా మూస్తే ఆటుపోట్లు ఆగిపోయి ఆల్చిప్పలు, చేపలు పోతాయని. పెద్ద గొడవయ్యాక ప్రభుత్వం దిగొచ్చింది. గట్టికట్ట బదులు 62 షట్టర్లతో బ్యారేజీ కట్టారు. మామూలు రోజుల్లో తెరిచే ఉంటాయి, తుఫానొస్తే దించుతారు. 1986లో రాణి ప్రారంభించింది. రోటర్‌డామ్ ఓడరేవు దారిలో ఇంకోటుంది, మాస్‌లాంట్ గేటు, 1997ది. రెండు తలుపులు, ఒక్కోటి 210 మీటర్ల పొడుగు, నది మీదికి గుమ్మం తలుపుల్లా వచ్చి మూసుకుంటాయి.

రిటైర్డ్_లస్కరు
శుక్రవారం, ఉదయం 6:02

అరవై రెండు షట్టర్లా! గ్రీజు ఎవరు పెడతారో పాపం.

జాలర్లు గొడవ చేశారన్నావు చూడు, అది నచ్చింది నాకు. మన ఉప్పుటేరు దగ్గర ఏదైనా కట్టాలంటే ఇలాంటి మాటలే విన్నాను. ఇంజనీర్లు మొదట విసుక్కుంటారు, తర్వాత వాళ్ళ మాటే నిజమవుతుంది. బాబూ, అక్కడ ఈ గట్ల ఖర్చు ఎవరిది? పీడబ్ల్యూడీలాంటిదేనా?

పోల్డర్_పిల్లోడు
శుక్రవారం, మధ్యాహ్నం 12:40

పెద్ద బ్యారేజీలు ప్రభుత్వానివి. మామూలు గట్లు, కాలవలు, పంపులు "వాటర్‌స్ఖాప్" అనే నీటి సంఘాలవి. 1200ల నుంచి ఉన్నాయి, దేశంలో అన్నిటికంటే పాత ప్రజాసంస్థల్లో ఇవి ఒకటి. ఇప్పుడు 21 ఉన్నాయి. వాటికి విడిగా పన్ను కట్టాలి, విడిగా ఎన్నికలు జరుగుతాయి. ఇక్కడ చట్టబద్ధంగా నివాసముంటే పరాయి దేశస్థులం కూడా ఓటెయ్యొచ్చు. 2023 మార్చిలో నేను వేశాను. పార్లమెంటుకి ఓటు లేదు గానీ నీళ్ళకి ఉంది. అభ్యర్థుల కరపత్రాల్లో కాలవలో నీటిమట్టం ఎన్ని సెంటీమీటర్లు ఉండాలన్నదే వాదన. పాడి రైతులకి తక్కువ కావాలి, పక్షుల ప్రేమికులకి ఎక్కువ కావాలి.

ఇంకో చిన్న సంగతి, పిల్లలకి నచ్చేది. ఇక్కడ పిల్లలు ఐదారేళ్ళకే ఈత సర్టిఫికెట్ పరీక్ష రాస్తారు. రాస్తారు అంటే ఈదుతారు. ఈత డ్రెస్సులో కాదు, చొక్కా, ప్యాంటు, బూట్లతో నీళ్ళలోకి దూకాలి. కాలవలో పడేవాడు డ్రెస్సు మార్చుకుని పడడు కదా. మా పక్కింటి పాప పరీక్షకి వెళ్తే చూశాను, ఒడ్డున అమ్మమ్మలు పూలు పట్టుకుని నిలబడ్డారు.

అడ్డప్రశ్న
శుక్రవారం, మధ్యాహ్నం 1:15

సైకిళ్ళ గురించి ఎవరూ ఎత్తలేదు. అది వాళ్ళ రక్తంలోనే ఉందంటారు, నిజమేనా?

పోల్డర్_పిల్లోడు
శుక్రవారం, మధ్యాహ్నం 1:50

రక్తంలో ఏం లేదు బ్రో. జనం కంటే సైకిళ్ళు ఎక్కువ, అది నిజం. కానీ 1950లు, 60లలో ఇక్కడా కార్లకోసం వీధులు వెడల్పు చేశారు. 1971లో రోడ్డు ప్రమాదాల్లో 3,000 మందికి పైగా పోయారు, అందులో 400 మందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు వీధుల్లో అడ్డం కూర్చుని గొడవ చేశారు. 1973లో పెట్రోలు కరువు కూడా తోడైంది. అప్పట్నుంచి సైకిల్ దార్లు వేయడం మొదలైంది. ఇప్పుడు బడి పిల్లలకి సైకిల్ ట్రాఫిక్ పరీక్ష కూడా ఉంది.

ఖమ్మం_సోషల్
శుక్రవారం, రాత్రి 8:20

నాదొక చిన్న ఐడియా. డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ గీసిన "నైట్ వాచ్" చిత్రం, 1642ది, ఆమ్‌స్టర్‌డామ్‌లో రైక్స్ మ్యూజియంలో ఉంది. స్లైడ్ మీద చూపిస్తే పోస్టుకార్డులా ఉంటుంది. వరండాలో సుద్దతో పన్నెండున్నర అడుగులు, పదిహేను అడుగుల పెట్టె గీసి పిల్లల్ని దాని చుట్టూ నిలబెట్టండి. అదీ సైజు. అందులో ఉన్నది రాత్రి కాదు, పగలే. పూసిన వార్నిష్ నల్లబడి రాత్రి అన్న పేరొచ్చింది. 1715లో టౌన్‌హాలు గోడకి పట్టలేదని అంచులు కత్తిరించేశారు కూడా. మా పిల్లలు నైట్ వాచ్ కంటే కత్తిరించిన సంగతే గుర్తుపెట్టుకున్నారు.

సైన్స్ టీచరుంటే లేవెన్‌హుక్‌ని కలుపుకోండి. డెల్ఫ్ట్ ఊళ్ళో బట్టల వ్యాపారి. సొంతంగా అరగదీసుకున్న చిన్న భూతద్దంతో నీటిబొట్టులో సూక్ష్మజీవుల్ని మొదట చూసింది ఆయనే.

వలందపాలెం
శుక్రవారం, రాత్రి 8:45

బట్టల వ్యాపారా! కోరమండల్ బట్ట చూసే ఉంటాడు.

ఖమ్మం_సోషల్
శుక్రవారం, రాత్రి 8:52

అది ఆధారం లేకుండా పిల్లలకి చెప్పకండి సార్ :)

కృష్ణాతీరం_టీచర్
ఆదివారం (ఆ పై వారం), ఉదయం 8:10

నిన్న అయిపోయింది. వివరంగా రాస్తానని మాటిచ్చాను కాబట్టి రాస్తున్నా.

కరెంటు లేదు. లస్కరు బాబాయ్‌గారి మెట్లే దిక్కయ్యాయి. కింద బకెట్టు, పైన బకెట్టు, మధ్యలో ఏడు మెట్లు, ఏడుగురు పిల్లలు, ఏడు చెంబులు. మొదటి రెండు నిమిషాలు సగం నీళ్ళు మెట్ల మీదే పోయాయి. హెడ్‌మాస్టరు గారు చూడ్డానికి వచ్చి జారబోయారు, పట్టుకున్నాం. తర్వాత కుదిరింది. పైన బకెట్టు నిండాక "ఇప్పుడు ఒక్కడు ఆగిపోండి" అన్నాను. మూడో మెట్టువాడు ఆగాడు. వాడి కింద వాళ్ళందరి చెంబులూ పొర్లిపోయాయి. "మేడం, అయితే వాళ్ళు రాత్రిళ్ళు కూడా తోడాలా?" అని వాడే అడిగాడు. నేనేమీ చెప్పనక్కర్లేకపోయింది.

పెడన నుంచి వచ్చే అమ్మాయి వాళ్ళ నాన్న అద్దిన దుప్పటి తెచ్చింది. హిండెలోపెన్ కోటు బొమ్మ ప్రింటు తీసి పక్కన పెట్టాను. పువ్వు ఒకటే కాదు గానీ తీగ మెలిక తిరిగే తీరు చూసి "మా అచ్చులాంటిదే" అంది. జపాన్ క్లాసు పిల్లలు కూడా వచ్చి చూశారు, మావాళ్ళకి అదో గర్వం.

గోడ మీద గీతల దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయాం. ఎవరి ఇళ్ళల్లో గీతలున్నాయో చేతులెత్తమన్నాను. సగం పైనే ఎత్తారు. చివరికి ఏమైందో ఒక్క వాక్యంలో చెప్పాను. వెనక బెంచీ పిల్ల "వాళ్ళ నాన్న మళ్ళీ ఆ ఇంటికెళ్ళి గీతలు చూశాడా మేడం?" అంది. చూసే ఉంటాడమ్మా అన్నాను. బెల్లు కొట్టేశారు. తులిప్‌లు, చీజ్, నైట్ వాచ్ ఏవీ చెప్పలేకపోయాను. బ్రెజిల్‌కి మొదటి బహుమతి వచ్చింది, డాన్సు చేశారు మరి.

ఇంకో కొత్త తలనొప్పి. వలందపాలెం నుంచి వచ్చే ముగ్గురు బందరులో ఉన్న డచ్‌వాళ్ళ సమాధులు చూపించమని పట్టుబట్టారు. వచ్చే ఆదివారం తీసుకెళ్తానన్నాను. అక్కడ రాళ్ళ మీద రాసింది ఎవరు చదువుతారు?

పోల్డర్_పిల్లోడు
ఆదివారం, మధ్యాహ్నం 1:35

ఫోటోలు పెట్టండి మేడం, నేను చదివి చెబుతా. నాలుగు వందల ఏళ్ళ కిందటి డచ్ కాబట్టి కొంచెం తడుముకుంటాను. ఆ కాలపు రాళ్ళ మీద సాధారణంగా "హీర్ లైట్ బెఖ్రావెన్" అని మొదలవుతుంది, "ఇక్కడ పూడ్చబడి ఉన్నది" అని. తర్వాత పేరు, ఊరు, తేదీ. ఊరి పేర్లు పిల్లలతో మ్యాపులో వెతికించండి.

వలందపాలెం
ఆదివారం, మధ్యాహ్నం 2:15

నేనూ వస్తాను. ఒక్క మాట, అక్షరాలు కనపడ్డం లేదని పిల్లలు రాయి మీద సుద్దతో రుద్దుతారు, నీళ్ళు పోస్తారు, దయచేసి వద్దు. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోటు. ఎండ పక్కవాటుగా పడేటప్పుడు, అంటే పొద్దున్నే, చెక్కిన అక్షరాలు నీడకి వాటంతట అవే లేచి కనపడతాయి.

కృష్ణాతీరం_టీచర్
ఆదివారం, మధ్యాహ్నం 2:40

అయితే ఏడున్నరకే రమ్మంటాను. ముగ్గురనుకున్నది పదకొండు మంది అయ్యారు. చిట్టి వాళ్ళమ్మగారూ, మీరు బందరు చుట్టుపక్కలే అయితే మీ అమ్మాయినీ తీసుకురండి. టోపీ, నీళ్ళ సీసా మర్చిపోకుండా.